దివాణం మర్యాద

గడచిన నెల మన సంఘం సమావేశం ముగిసిన తరువాత కొందరం వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాము. మాటల్లో మాటగా ఒక కుర్రవాడు, బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ సెలవు మీద వచ్చినవాడు, "వాళ్ళది పాత డబ్బండీ, చూస్తేనే తెలిసిపోతుంది" అన్నాడు. ఎవరిని గురించి అన్నాడో ఇక్కడ అనవసరం. "చూస్తే ఏమి తెలుస్తుందోయ్?" అని పక్కనున్న పెద్దాయన అడిగినారు. కుర్రవాడు కొంచెం తడుముకొని, "గట్టిగా మాట్లాడరు, వస్తువు ఖరీదు చెప్పరు, కొత్త బట్ట కట్టినా కొత్తగా కనబడరు" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను గాని ఆ మాట నన్ను వదలలేదు. ఎందుచేతనంటే ఆ మూడు లక్షణాలూ మా ఇంట్లోనూ ఉన్నవి. డబ్బు మాత్రం ఎన్నడూ లేదు.

మా తాతగారు ఒక చిన్న జమీ దివాణంలో గుమాస్తా. ఆ జమీ ఇచ్ఛాపురానికి, పర్లాకిమిడికి నడుమ ఉండేది. పేరు చెప్పను, ఆ ఇంటివారు ఇంకా ఉన్నారు, నాకు వారితో రాకపోకలున్నవి. తాతగారు 1931లో పందొమ్మిదో ఏట చేరినారు, 1949లో జమీ సర్కారు స్వాధీనమయ్యేదాకా పనిచేసినారు. జీతం పద్దెనిమిది రూపాయలు, దసరాకు ఒక పంచెల చాపు. 1996లో పోయినారు. అప్పటికి నేను మెట్రిక్ పాసై ఉద్యోగం వెతుక్కుంటున్నాను. చివరి రెండేళ్ళూ ఆయన మంచం పక్కన కూర్చుని విన్న సంగతులే ఈ వ్యాసానికి ఆధారం. కొన్ని తరువాత చదివి తెలుసుకున్నవి.

తరతరాల సొత్తు అనేది మన ప్రాంతంలో ఎట్లా ఏర్పడినదో ముందు చెప్పుకోవాలి. 1802లో కంపెనీవారు మద్రాసు రాజధానిలో శాశ్వత బందోబస్తు చేసినారు. ప్రతి జమీందారూ ఏటా ఇంత పేష్కష్ కట్టవలసినదని తేల్చి సన్నదు ఇచ్చినారు. ఆ మొత్తం ఇక పెరగదు. జయపురం సంస్థానానికి పడిన పేష్కష్ పదహారు వేల రూపాయలు. కొండలూ అడవులూ నిండిన అంత దేశానికి అంతే! నూరేళ్ళు గడిచేసరికి సాగు పెరిగినది, ధాన్యం ధర పెరిగినది, పేష్కష్ మాత్రం కదలలేదు. ఆ తేడా అంతా కోటలోనే నిలిచినది. అందరికీ ఇట్లా కలిసిరాలేదు. చాలా ఎస్టేటులకు పేష్కష్ బరువుగానే పడినది. బకాయి పడితే వేలమే. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాలలో ఎన్నో పాత ఇండ్లు వేలంలో చేతులు మారినవి. కాబట్టి "పాత డబ్బు" అని మనం అనుకునే ఇండ్లు ఆ వేలాల నుండి బయటపడి మిగిలినవన్నమాట.

రెండవ సంగతి ఇంకా ముఖ్యమైనది. పెద్ద జమీలు పంచుకోవడానికి వీలులేని ఎస్టేటులు. తండ్రి తరువాత పెద్ద కుమారుడికే మొత్తం. తక్కిన అన్నదమ్ములకు భరణం. అయితే ఆ పెద్ద కుమారుడు కూడా ఇష్టం వచ్చినట్లు అమ్ముకోకుండా, తాకట్టు పెట్టకుండా 1904లో మద్రాసులో ఒక చట్టమే వచ్చినది. అంటే కోటలో కూర్చున్న మనిషి సొత్తుకు యజమాని అయ్యీ కానివాడు. తాత ఇచ్చినదానిని మనుమడికి అప్పగించవలసినవాడు. మా తాతగారి జమీందారుగారు ఏ ఖర్చు విషయంలోనైనా "నేను ఒప్పుకోను" అనేవారు కారట. "దివాణం ఒప్పుకోదు" అనేవారట. దివాణం అంటే తానే గదా, ఇదేమి మాట అని తాతగారు మొదట్లో నవ్వుకున్నారట. పదేళ్ళు పద్దులు రాసిన తరువాత అది నిజమేనని తోచినదట.

నాకు అర్థమైనంతవరకు ఆ ఇండ్ల మర్యాదలన్నిటికీ వేరు ఇక్కడే ఉన్నది. సొంతంగా సంపాదించినవాడికి వస్తువు తన గొప్పకు గుర్తు. అప్పగింతకు తీసుకున్నవాడికి వస్తువు ఒక పద్దు. ఆ జమీందారుగారి శాలువ ఆయన తండ్రిగారిది. అంచు చిరిగితే అదే రంగు పట్టుదారంతో రఫూ చేయించేవారు. కొత్త శాలువ కొనలేక కాదు. పాత శాలువ ఉండగా కొత్తది ఎందుకు కొన్నారని దివానుగారు అడగకపోయినా, తానే అడుగుకునేవారు కాబోలు. భోజనం వెండి కంచంలోనే గాని, కంచం సొట్టలు పడి ఉండేదట. ఒకసారి మద్రాసు నుండి వచ్చిన చుట్టం ఒకాయన తన చేతి గడియారం ఖరీదు చెప్పినారట. జమీందారుగారు విననట్లే ఊరుకొని, "ప్రయాణం సుఖంగా జరిగినదా?" అని రెండవసారి అడిగినారట. అంతకంటె మందలింపు ఆ ఇంట్లో ఉండేది కాదు.

మాట తీరు మరీ విచిత్రం. మన ఇండ్లలో బియ్యం అయిపోతే "నిండుకున్నవి" అంటాము, దీపం ఆరితే "కొండెక్కినది" అంటాము. దివాణంలో ఇది ఇంకా ముదిరినది. అక్కడ "లేదు", "వీలుకాదు" అనే మాటలు వినబడవు. "ఆలోచిద్దాం" అంటే లేదని అర్థం. "దివానుగారితో చెప్పండి" అంటే అసలే లేదు. "మంచిది" అంటే విన్నానని మాత్రమే అర్థం, ఒప్పుకున్నానని కాదు. ఒక్క "సరే" అన్నప్పుడే పని అయినట్లు. ఈ నిఘంటువు తెలియని రైతులు "మంచిది" అన్నారు గదా అని సంతోషపడి ఇంటికి పోయి, పంటల నాటికి మోసపోయినామని ఏడ్చేవారట. చెడ్డ మాట చెప్పవలసిన పని ఎప్పుడూ గుమాస్తాదే. దొర నోటి తీపి గుమాస్తా నోటి చేదు మీద నిలిచినదని తాతగారు అనేవారు.

దివాణానికి పని మీద వచ్చినవాడిని "ఎందుకు వచ్చినావు" అని మొదట అడగకూడదు. భోజనాల వేళ అయితే భోజనం, కాకపోతే మజ్జిగ. ఆ తరువాతనే సంగతి. ఇది కులాన్ని బట్టి, అంతస్తును బట్టి వేరువేరు చోట్ల జరిగేదని కూడా చెప్పాలి. కోమట్లకు ఒక వసారా, కాపులకు ఒక అరుగు, మాలమాదిగలకు ప్రహరీ బయట వేపచెట్టు కింద. మజ్జిగ అందరికీ అందేది. చోటు మాత్రం అందరికీ ఒకటి కాదు.

ఇక పాత్రల సంగతి. దివాణంలో గంగాళాలు, గుండిగలు, అండాలు, పెద్ద పళ్ళాలు ఒక గదినిండా ఉండేవి. అన్నిటి మీద జమీ అక్షరాలు చెక్కి ఉండేవి. ఆ ఠాణాలోని ఊళ్ళలో ఎవరింట పెళ్ళి జరిగినా అడిగిన పాత్రలు ఇవ్వవలసినదే. అద్దె లేదు. "ఎరువు పద్దు" అని ఒక పుస్తకం ఉండేది. ఎవరు, ఏ పాత్ర, ఏ తేదీన తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చినారు అని రాయాలి. చింతపండుతో తోమి, ఎండబెట్టి తేవాలి. ఆ పుస్తకం పద్దెనిమిదేళ్ళూ తాతగారే రాసినారు. ఒక్క గరిటె కూడా పోలేదని ఆయనకు గొప్ప. ఇచ్చేటప్పుడు జమీందారిణిగారు గోషా లోపలి నుండి, "పిల్లకు నేను దీవెనలు చెప్పినానని చెప్పండి" అని కబురు పంపేవారట. ఆమె ముఖాన్ని మాత్రం తాతగారు ఒక్కసారైనా చూడలేదు. ఆ ఇంటి మర్యాదలో సగం ఆమె చేతి మీదుగా నడిచినది. అయితే కోట గోడ దాటి బజారు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు.

జమీందారుగారు మా తాతగారిని ఎన్నడూ ఏకవచనంతో పిలవలేదు. పందొమ్మిదేళ్ళ పిల్లవాడైనా మొదటిరోజు నుండే పేరు చివర "గారు" ఉండేది. తాతగారు ఈ మాట చెప్పేటప్పుడల్లా ఆయన గొంతు మారేది. మా మామ్మ ఒకనాడు వింటూ వింటూ వత్తి చేస్తున్న చేయి ఆపి, "గారు అన్నారు సరే, ఒక్కనాడు కూర్చోమన్నారా?" అన్నది. తాతగారు మాట్లాడలేదు. పద్దెనిమిదేళ్ళు ఆయన ఆ గదిలో నిలబడే పద్దులు చదివి వినిపించినారు. ఎండాకాలం, వానాకాలం, జ్వరం వచ్చినప్పుడు, చివరకు కన్నతల్లి పోయిన మైల తీరి వచ్చిన రోజున కూడా. కుర్చీ ఆ గదిలో లేకపోలేదు. కలెక్టరు కచేరీ నుండి వచ్చిన చిన్న ఉద్యోగికి వేసేవారట.

ఈ రెండింటిలో ఏది నిజమైన మర్యాద అని నేను చాలాకాలం తర్కించుకున్నాను. రెండూ ఒకటేనని ఇప్పుడు అనుకుంటున్నాను. "గారు" అనడానికి ఖర్చు లేదు. దానివల్ల పైన ఉన్నవాడు పైనే ఉంటాడు. కుర్చీ వేస్తే కొంత దిగవలసి వస్తుంది.

చిన్న జమీల సంగతి ఇది. పెద్ద సంస్థానాలు చేసిన పనులు మనకందరికీ తెలిసినవే అయినా, ఒకసారి తలచుకోవడం మంచిది. విజయనగరం ఆనందగజపతి మహారాజావారు మాక్స్‌ముల్లరు ఋగ్వేద ముద్రణ రెండవ కూర్పుకు ఖర్చు పెట్టుకున్నారు. అది 1890-92 మధ్య ఇంగ్లండులో అచ్చయినది. అదే సంస్థానం 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని మొదటి అధ్యక్షులుగా కూర్చోబెట్టినది. పిఠాపురం సూర్యారాయ మహారాజావారి ధనంతో సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలై, మొదటి సంపుటం 1936లో వచ్చినది. ఇక్కడ ఒక తమాషా ఉన్నది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి విద్యాలయంలో పంతులు. గురజాడ అప్పారావుగారు విజయనగరం సంస్థానోద్యోగి. వారిని ఎదిరించిన జయంతి రామయ్య పంతులుగారు పిఠాపురం ఆదరణతో సాగిన నిఘంటువుకు పెద్ద దిక్కు. అంటే వాదంలో రెండు పక్షాలకూ అన్నం పెట్టినది సంస్థానాలే! ఏ సంస్థానమూ తన పంతులుగారిని "నీవు ఈ పక్షం రాయి" అని కట్టడి చేసినట్లు నేను చదవలేదు.

ఒరిస్సాలో ఉన్న మనవారికి దగ్గరి పేరు జయపురం విక్రమదేవవర్మగారు. 1869లో పుట్టి, 1931లో గద్దె ఎక్కేసరికి అరవై దాటినారు. ఆయన సూటిగా వారసులు కారు, జ్ఞాతి శాఖవారు. అంతకు ముందు చాలాకాలం విశాఖపట్టణంలోనే ఉన్నారు. ఒడియాలోనూ తెలుగులోనూ గ్రంథాలు రాసినారు. గద్దె ఎక్కిన తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినారు. అక్కడి సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టినారు. జయపురంలో 1947లో వెలసిన కళాశాలకూ ఆయన పేరే. చిన్న వయసులో కోట చేతికి వచ్చినవారు కార్లు, గుర్రాలు కొన్నారు. ముసలితనంలో వచ్చిన ఈయన కళాశాలకు ఇచ్చినారు. జ్ఞాతిగా దూరాన నిలబడి చూసినందువల్లనేమో, ఆ సొత్తు తనది కాదన్న సంగతి ఆయనకు తక్కినవారికంటె బాగా తెలిసినట్లు తోస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

అరవదేశంలోని మన పాఠకులు ఎట్టయాపురం సంగతి ఎరుగుదురు. ఆ జమీందారుల ఇంటి భాష తెలుగు. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో అక్కడే కన్నుమూసినారు. వారి వంశీయులు సుబ్బరామ దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" 1904లో ఆ సంస్థానం ముద్రాక్షరశాలలోనే, తెలుగు లిపిలో అచ్చయినది. చుట్టూ తమిళం మాట్లాడే దేశంలో, కర్ణాటక సంగీతానికి మూలస్తంభం వంటి ఆ గ్రంథాన్ని తెలుగులో వేయించినారంటే, లాభం చూసుకునేవాడు చేసే పని కాదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే సగం అబద్ధం చెప్పినట్లవుతుంది. ఈ ధనమంతా రైతు చెల్లించిన శిస్తు. తాతగారి బల్ల మీద ఎరువు పద్దు పక్కనే ఇంకొక పుస్తకం ఉండేది. అది బకాయిల పద్దు. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టం రైతుకు సాగు హక్కు ఇచ్చినది నిజమే. అయితే శిస్తు బకాయి పడితే పంట జప్తు చేసే అధికారం జమీందారుకు మిగిలే ఉన్నది. ఆ జప్తు నోటీసులు రాసినది మా తాతగారే. "నా దస్తూరీ చూస్తే ఊళ్ళో పిల్లలు ఏడ్చేవారురా" అని ఒక రాత్రి నాతో అన్నారు. గుండ్రని, అందమైన దస్తూరీ ఆయనది. నాకు అక్షరాలు దిద్దించినది ఆ చేతితోనే.

1937లో ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఎస్టేటు రైతుల స్థితిని విచారించడానికి సంఘం ఏర్పడినది. శిస్తులు 1802 నాటి రేట్లకు దిగిరావాలని మరుసటి ఏడు ఆ సంఘం చెప్పినది. జమీందారులు గగ్గోలు పెట్టినారు. మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది అప్పటికి మూలపడినది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగినది. కొద్ది రోజులకే, ఏప్రిల్ నెల మొదట్లో, పక్కనే ఉన్న మందస జమీలో అడవి కర్ర విషయమై వచ్చిన తగవులో పోలీసు కాల్పులు జరిగినవి. రైతులు చనిపోయినారు. వారిలో గున్నమ్మ అనే గర్భిణి ఉన్నది. ఇప్పుడు ఆమెను వీర గున్నమ్మ అంటారు. ఆ వార్త మా తాతగారి దివాణానికి చేరిన రోజున జమీందారుగారు మధ్యాహ్న భోజనం చేయలేదట. మరునాడు బకాయిల పద్దు తెమ్మన్నారట. మాఫీ చేస్తారు కాబోలు అనుకున్నారట తాతగారు. పద్దంతా విని, "మంచిది" అన్నారట. ఆ మాటకు అర్థం పైన చెప్పినాను.

మనసు మంచిదే. ఆ మనసుకు ఉన్న హద్దు కూడా అదే. మాఫీ చేస్తే పేష్కష్ ఎట్లా కట్టాలి, తమ్ముళ్ళ భరణం ఎట్లా ఇవ్వాలి, దసరా ఎట్లా జరపాలి? "దివాణం ఒప్పుకోదు". తన సొత్తు కాదన్న భావం మనిషిని దుబారా నుండి కాపాడినట్లే, దయ నుండి కూడా తప్పించినది.

తమ్ముళ్ళ మాట వచ్చినది గనుక ఒక ముక్క. భరణం మీద బతికే జ్ఞాతులది నడిమింటి బతుకు. కోటవారి నడత, వ్యాజ్యాల జేబు. జ్ఞాతులకు భరణం హక్కుగా వస్తుందా అని పిఠాపురం దావా లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయినది. ఆనవాయితీ రుజువైతేనే తప్ప, పుట్టుకవల్ల మాత్రమే హక్కు లేదని 1918లో తీర్పు వచ్చినది. ఆ తీర్పు వచ్చినాక ఎందరు జ్ఞాతులు అన్నగారి ముఖంలోకి చూసి మాట్లాడడం నేర్చుకున్నారో! ప్లీడర్లు మాత్రం మేడలు కట్టినారు.

1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టం చేసినది. ఒరిస్సాలో 1951లో చేసినారు. ఒక్క కలం పోటుతో నూట యాభై ఏళ్ళ బందోబస్తు ముగిసినది. పరిహారం ఇచ్చినారు గాని, అది చేతికి వచ్చేసరికి ఏళ్ళు పట్టినది. అందులో అప్పులవారి వాటా కొంత. కొందరు రాజకీయాలలోకి వచ్చినారు. పర్లాకిమిడి కృష్ణచంద్ర గజపతిగారు అంతకు ముందే 1937లో ఒరిస్సాకు తొలి ప్రధానమంత్రి అయినారు. కొందరు సినిమా హాళ్ళు, మిల్లులు పెట్టి పోగొట్టుకున్నారు. కొందరు పిల్లలను చదివించి, ఉద్యోగాలకు పంపి, నోరు మూసుకొని బతికినారు. మా తాతగారి జమీందారుగారు ఈ మూడవ రకం. దివాణం మూసే ముందు గుమాస్తాల బాకీ జీతాలు వెండి సామాను అమ్మి తీర్చినారు. తాతగారికి 54 రూపాయలు వచ్చినవి. ఆనాడు కూడా కూర్చోమనలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మర్యాద అంటురోగం వంటిది. దొరల ఇంట్లో పనిచేసినవాడికి దొరతనం అంటుకుంటుంది, డబ్బు అంటుకోదు. మా మేనత్త పెళ్ళి 1951లో జరిగినది. అప్పటికి తాతగారి ఉద్యోగం పోయి రెండేళ్ళు. అయినా "దివాణం గుమాస్తా ఇంటి పెళ్ళి" గదా! ఐదు రోజులు చేసినారు. బరంపురం నుండి బ్యాండు మేళం, పర్లాకిమిడి నుండి వంటవాళ్ళు. వచ్చినవారిని ఎందుకు వచ్చినారని అడగకూడదు గనుక పిలవనివారు కూడా తిన్నారు. గంగాళాలు దివాణం నుండి వచ్చినవి. ఖర్చు మాత్రం మాది. ఉన్న రెండెకరాల పల్లం అమ్మినారు. ఆ భూమి కొన్నది ఎవరనుకున్నారు? తాతగారు ఒకప్పుడు జప్తు నోటీసు రాసిన రైతు కొడుకు. ఆయన బేరమాడలేదు, అడిగినంతా ఇచ్చినాడు. ఎందుకు ఇచ్చినాడో తాతగారికి చివరిదాకా తెలియలేదు. జాలి అయితే అంతకంటె అవమానం లేదని అనేవారు.

ఆరేళ్ళ మా నాన్నగారికి ఆ పెళ్ళిలో ఏనుగు బొమ్మ కొనిపెట్టినారట. పద్నాలుగేళ్ళకు చదువు మాని బరంపురం వచ్చి బట్టల కొట్టులో పద్దులు రాయడం మొదలుపెట్టినారు. మేము ఒరిస్సా తెలుగువాళ్ళమైనది ఆ విధంగా. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మా ఇంట్లో నేటికీ కొన్న వస్తువు ఖరీదు చుట్టాల ముందు చెప్పము. పప్పు లేకపోతే "లేదు" అనము. అప్పు అడగవలసి వస్తే మూడు రోజులు చుట్టు తిరిగి ముఖం చూపించి వచ్చేస్తాము. ఈ చివరిది మర్యాద కాదు, జబ్బు అని మా ఆవిడ అంటుంది. ఆమె పుట్టినిల్లు బజారులో సరుకులు అమ్మిన ఇల్లు. అక్కడ ఖరీదు చెప్పడం తప్పు కాదు, అబద్ధపు ఖరీదు చెప్పడం తప్పు.

ఈ మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. చుట్టాలు నెలరోజుల నుండి చెప్పేది ఒకటే మాట: "మీ తాతగారు చేసినట్లు చేయాలి". కల్యాణ మంటపం వారు పువ్వులకు చెప్పిన లెక్క నా నాలుగు నెలల జీతం. నేను ఇంట్లో పాత సంగతులన్నీ ముందు పెట్టుకుని ఒక రాత్రి లెక్క చూసినాను. తాతగారు దివాణం నుండి రెండు తెచ్చుకున్నారు. ఒకటి ఉన్నదానిని జాగ్రత్తగా వాడడం, ఒకటి ఉన్నట్లు కనబడడం. మొదటిదానివల్ల పద్దులో గరిటె పోలేదు. రెండవదానివల్ల రెండెకరాలు పోయినవి. మంటపం వద్దని చెప్పి, మన సంఘం హాలు మాట్లాడినాను. మా పెద్దన్నయ్య రెండు రోజులు ఫోను ఎత్తలేదు.

ఇంటిలో శుభకార్యం అయితే మొదటి శుభలేఖ దివాణానికి ఇవ్వడం మా ఇంటి ఆచారం. కోట ఎప్పుడో కూలినది. జమీందారుగారి మనుమలు విశాఖపట్టణంలో ఉన్నారు. బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ చేసినారు. అద్దె ఇంట్లో మొదటి అంతస్తు. మొన్న ఆదివారం పసుపు, కుంకుమ పెట్టిన శుభలేఖ తీసుకొని వెళ్ళినాను. తలుపు ఆయనే తీసినారు. "రండి రండి, ఎండన పడి వచ్చినారు" అని లోపలికి వెళ్ళి తానే మంచినీళ్ళు తెచ్చినారు. ఎందుకు వచ్చినానని అడగలేదు. కుర్చీ జరిపి, "కూర్చోండి" అన్నారు.

నేను వెంటనే కూర్చోలేకపోయినాను. కాళ్ళు ఎందుకో ఒప్పుకోలేదు. "ఫరవాలేదు బాబుగారూ" అన్నాను. ఆయన నా ముఖం చూసి, తాను కూడా కూర్చోకుండా నిలబడినారు. ఇద్దరమూ అట్లా నిలబడి పెళ్ళికొడుకు ఊరు, ఉద్యోగం మాట్లాడుకున్నాము. చివరకు ఆయన మోకాళ్ళ నొప్పి అని కూర్చుంటే, అప్పుడు నేనూ కూర్చున్నాను.

లేవబోతుండగా, "పెళ్ళికి పాత్రలు ఏమైనా కావాలా?" అని అడిగినారు. "అన్నీ పోయినవి గాని, రెండు గుండిగలు మిగిలినవి. మా నాన్నగారు అమ్మనివ్వలేదు" అన్నారు. ఈ రోజుల్లో వంటల కాంట్రాక్టరు గిన్నెలు, గరిటెలు, చివరకు అగ్గిపెట్టె కూడా తానే తెచ్చుకుంటాడు. పైగా విశాఖ నుండి బరంపురానికి గుండిగ తెచ్చుకోవడమంటే మాటలు కాదు.

"ఒకటి చాలు, పట్టుకెళ్తాను" అన్నాను. ఆయన లోపలి నుండి గుండిగ తెచ్చి, గుడ్డతో తుడిచి, నా ముందు పెట్టినారు. అక్షరాలు అరిగిపోయినవి గాని తెలుస్తున్నవి. కాగితం అడిగి తీసుకొని, తేదీ వేసి, "గుండిగ ఒకటి, ఎరువు" అని రాసి సంతకం పెట్టి ఇచ్చినాను. ఆయన నవ్వి, కాగితం మడిచి శుభలేఖలో పెట్టుకున్నారు. రైలులో పక్కవాళ్ళు దాని ఖరీదు ఎంత ఉంటుందని అడిగినారు.